ఖరీదైన వైరుతో పాట తియ్యనవుతుందా?



భౌతికశాస్త్రం పరీక్షల కోసమే చదవాలని, పరీక్ష అయిపోగానే పుస్తకం అటక ఎక్కించవచ్చని మనలో చాలామంది అనుకుంటారు. కానీ పదో తరగతిలో చదివిన ఒక్క సూత్రం మన ఇంటి డబ్బును కాపాడగలదు. అదెలాగో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మన ఇండ్లల్లో ఎవరికైనా మొదటి జీతం వస్తే ముందుగా కొనాలనుకునే వస్తువుల్లో పాటల సెట్టు ఒకటి. ఒక ఆంప్లిఫయర్, రెండు స్పీకర్ బాక్సులు, వాటిని కలిపే వైర్లు. బ్లూటూత్ స్పీకర్లు ఎన్ని వచ్చినా, గట్టిగా, నిండుగా వినాలనుకునేవారు నేటికీ ఇలాంటి సెట్టే కొంటున్నారు. అయితే సెట్టు ధర చెప్పిన తర్వాత దుకాణంలో ఇంకో మాట వినిపిస్తుంది. "మామూలు వైరు పెడితే సౌండ్ రాదు. ఈ స్పెషల్ కేబుల్ తీసుకోవాలె" అని. ఆ కేబుల్‌కు బంగారు రంగు పిన్నులుంటాయి, మెరిసే తొడుగు ఉంటుంది. ధర మాత్రం మామూలు వైరు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఆ డబ్బుకు తగిన ఫలితం ఉంటుందా? ఈ ప్రశ్నకు జవాబు ఎక్కడో వెతకనక్కరలేదు. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లోనే ఉంది. ఈ మూడూ 2016 అక్టోబరు వరకు ఒకే వరంగల్ జిల్లాలో ఉండేవి. ఇప్పుడు మూడు జిల్లాలయ్యాయి. తీగ గురించి తెలుసుకోవలసిన మూడు ముఖ్య విషయాలను ఒక్కొక్క చోటు ఒక్కొక్కటిగా మనకు చూపిస్తుంది.

తీగ చేసే పని ఏమిటి?

ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కు వెళ్లేది పాట కాదు, విద్యుత్తు. పాటకు తగినట్టుగా ఆ విద్యుత్తు సెకనుకు 20 సార్ల నుంచి 20,000 సార్ల వరకు అటూ ఇటూ మారుతుంది. అది స్పీకర్‌లోని తీగచుట్టను అయస్కాంతం మధ్య కదిలిస్తుంది. ఆ చుట్టకు అంటుకున్న కాగితపు గిన్నె గాలిని కదిలిస్తే మనకు పాట వినిపిస్తుంది.

ఇందులో వైరు చేయవలసింది ఒకటే. ఆంప్లిఫయర్ ఇచ్చినదాన్ని తగ్గించకుండా, మార్చకుండా స్పీకర్‌కు చేర్చాలి. వైరు పాటకు ఏ అందాన్నీ కలపలేదు. మంచి వైరు అంటే తక్కువ పోగొట్టేది, అంతే. కాబట్టి మన ప్రశ్నను ఇలా మార్చుకుందాం: మామూలు వైరు ఎంత పోగొడుతుంది? ఖరీదైన వైరు ఎంత పోగొడుతుంది?

పదో తరగతి సూత్రం

'విద్యుత్ ప్రవాహం' పాఠంలో ఇది చదివాం:

నిరోధం = విశిష్ట నిరోధం × పొడవు ÷ మధ్యచ్ఛేద వైశాల్యం

అంటే తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది, మందం పెరిగితే తగ్గుతుంది. లోహాన్ని బట్టి కూడా మారుతుంది. ఈ సూత్రంలో ధరకు చోటు లేదని గమనించండి.

ఒక చదరపు మిల్లీమీటరు మందం గల రాగి తీగకు మీటరుకు నిరోధం సుమారు 0.0172 ఓమ్‌లు. ఇప్పుడు లెక్క చేద్దాం. ఆంప్లిఫయర్‌కూ స్పీకర్‌కూ మధ్య 5 మీటర్ల దూరం ఉందనుకుందాం. విద్యుత్తు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి తీగ పొడవు 10 మీటర్లుగా తీసుకోవాలి. స్పీకర్ 8 ఓమ్‌లది.

* 0.5 చదరపు మి.మీ. వైరు: నిరోధం 0.34 ఓమ్‌లు. స్పీకర్‌కు చేరే సామర్థ్యం సుమారు 92 శాతం.
* 1 చదరపు మి.మీ. వైరు: నిరోధం 0.17 ఓమ్‌లు. చేరేది సుమారు 96 శాతం.
* 2.5 చదరపు మి.మీ. వైరు: నిరోధం 0.07 ఓమ్‌లు. చేరేది సుమారు 98 శాతం.

(వైరుకు నిరోధమే లేకపోతే చేరేదాన్ని 100 శాతంగా తీసుకున్నాం. ఆంప్లిఫయర్ వోల్టేజీ మారదని అనుకున్నాం.)

చూశారా! ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే మామూలు 1 స్క్వేర్ రాగి వైరే 96 శాతం చేరుస్తోంది. ఎంత ఖరీదైన వైరైనా 100 శాతం దాటలేదు కదా! అంటే మనం కొట్లాడుతున్నది మిగిలిన 4 శాతం కోసం. ఆ 4 శాతం చెవికి ఎంత? ధ్వని తీవ్రతను కొలిచే డెసిబెల్‌లలో చెప్పాలంటే 0.2 డెసిబెల్ కూడా లేదు. మామూలుగా పాట వింటున్నప్పుడు మనిషి చెవి పసిగట్టే కనీస తేడా సుమారు 1 డెసిబెల్. ఎంతో శ్రద్ధగా పోల్చి వింటే అంతకంటే కొంత తక్కువ తేడా కూడా తెలియవచ్చు. అయినా ఆ తేడాను ఆంప్లిఫయర్ మీటను వెంట్రుకవాసి తిప్పి సరిచేసుకోవచ్చు.

జనగామ చెప్పే పాఠం: లోహం

జనగామ పక్కనే పెంబర్తి. కాకతీయుల కాలం నుంచి పేరున్న లోహపు పనికి ఆ ఊరు ప్రసిద్ధి. ఇత్తడి, రాగి, కంచు రేకులను సుత్తితో, ఉలితో బొమ్మలుగా, కలశాలుగా మలిచే శిల్పులు అక్కడున్నారు. ఏ లోహం ఏ పనికి వస్తుందో వారికి చేతి అనుభవంతో తెలుసు. విద్యుత్తు విషయంలో కూడా ఏ లోహానికి ఆ గుణం ఉంది. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మి.మీ. మందం గల తీగకు నిరోధం ఇలా ఉంటుంది:

* వెండి: 0.0159 ఓమ్‌లు
* రాగి: 0.0172 ఓమ్‌లు
* బంగారం: 0.0244 ఓమ్‌లు
* అల్యూమినియం: సుమారు 0.027 ఓమ్‌లు
* ఇత్తడి: సుమారు 0.06 నుంచి 0.07 ఓమ్‌లు

ఇందులో రెండు సంగతులు గమనించాలి. మొదటిది, వెండి రాగి కంటే మేలే. కానీ ఎంత మేలు? పై లెక్కలో 1 చదరపు మి.మీ. రాగి తీగను తీసేసి వెండి తీగ పెడితే వచ్చే లాభం సుమారు 0.014 డెసిబెల్. ఏ చెవికీ అందని లాభమిది. వెండి తీగ కొనే డబ్బుతో కాస్త మందమైన రాగి తీగ కొంటే అంతకంటే ఎక్కువ లాభం.

రెండోది, బంగారం రాగి కంటే మంచి వాహకం కాదు! మరి పిన్నులకు బంగారు పూత ఎందుకు పూస్తారు? బంగారం తుప్పు పట్టదు, నల్లబడదు. తేమ తగిలే చోట, ఏళ్ల తరబడి గుచ్చి ఉంచే పిన్నుకు అది మేలే. కానీ ఆ పూత చాలా పలుచన. కింద ఉండేది చాలావరకు ఇత్తడే. బంగారు పూత పిన్నును శుభ్రంగా ఉంచుతుందే తప్ప పాటను బంగారం చేయదు. మామూలు పిన్ను నల్లబడితే పొడి గుడ్డతో తుడిచి నాలుగుసార్లు తీసి పెడితే సరిపోతుంది.

'ఆక్సిజన్ లేని రాగి' అని కొన్ని కేబుళ్ల మీద రాసి ఉంటుంది. అలాంటి రాగి నిజంగానే ఉంది. అయితే మామూలు కరెంటు తీగల రాగికీ దానికీ వాహకతలో తేడా సుమారు ఒక్క శాతం. 10 మీటర్ల తీగకు బదులు 9.9 మీటర్ల తీగ వాడితే వచ్చే లాభం ఎంతో, ఇదీ అంతే.

మహబూబాబాద్ చెప్పే పాఠం: మందం

మహబూబాబాద్ స్టేషన్‌లో నిలబడి పైకి చూడండి. రైలింజను పైకప్పు మీది చట్రం తాకుతూ పోయే తీగ కనిపిస్తుంది. దానిలో 25,000 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. మన రైల్వే వాడే ఆ తీగ రాగిదే. దాని మధ్యచ్ఛేద వైశాల్యం 107 చదరపు మి.మీ. అంటే మన ఇంటి 1 స్క్వేర్ వైరుకు 107 రెట్లు. వందల టన్నుల రైలును లాగే ఇంజనుకు కావలసిన విద్యుత్తు దాని ద్వారా పోవాలి. అందుకే ఆ మందం. ఆ తీగకు బంగారు పూత లేదు, వెండి కలపలేదు. రైల్వే ఇంజనీర్లు లెక్క చేసి పనికి తగిన మందం నిర్ణయించారు.

మన సెట్టుకు కూడా అదే పద్ధతి. అవసరమైన మందం ఎంతో లెక్కతో తేల్చుకోవాలి. ఒక సులువైన నియమం గుర్తుపెట్టుకోండి: వైరు మొత్తం నిరోధం స్పీకర్ ఓమ్‌లలో 5 శాతం దాటకూడదు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 0.4 ఓమ్, 4 ఓమ్‌ల స్పీకర్‌కు 0.2 ఓమ్. అంతకు లోపు ఉంటే ఇంకా ఖర్చు పెట్టి ప్రయోజనం లేదు.

ఇంకో విషయం. స్పీకర్ లోపలి తీగచుట్ట కూడా రాగి తీగే. సన్నని తీగను చాలా చుట్లు చుట్టి ఉంటారు. 8 ఓమ్‌ల స్పీకర్‌లో ఆ చుట్ట నిరోధమే సుమారు 6 ఓమ్‌లు ఉంటుంది. బయట ఎంత గొప్ప కేబుల్ పెట్టినా విద్యుత్తు చివరికి ఆ సన్నని చుట్టలోంచే పోవాలి. ఊరి దాకా నాలుగు వరసల రోడ్డు వేసినా ఇంటికి పోయేది సందులోంచే కదా!

భూపాలపల్లి చెప్పే పాఠం: వోల్టేజీ

భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 2010లో మొదలైన 500 మెగావాట్ల యూనిట్, 2016లో మొదలైన 600 మెగావాట్ల యూనిట్, మొత్తం 1,100 మెగావాట్లు. అంత విద్యుత్తును దూర ప్రాంతాలకు పంపేటప్పుడు వోల్టేజీని లక్షల్లోకి పెంచుతారు. ఎందుకు? ఒకే సామర్థ్యాన్ని ఎక్కువ వోల్టేజీతో పంపితే కరెంటు తగ్గుతుంది. తీగలో వృథా అయ్యే విద్యుత్తు కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కరెంటు పదోవంతు అయితే నష్టం నూరోవంతు అవుతుంది.

ఈ పాఠం మన హాస్టల్ వార్షికోత్సవానికి నేరుగా పనికి వస్తుంది. ఇంట్లో స్పీకర్ 5 మీటర్ల దూరంలో ఉంటుంది. కానీ సభలో మైకు సెట్టు వేదిక పక్కన, బాక్సులు గ్రౌండ్ చివర. దూరం 30 మీటర్లు అనుకుంటే రానూపోనూ 60 మీటర్లు. 1 చదరపు మి.మీ. వైరుకు నిరోధం 1 ఓమ్ దాటుతుంది. ఒక 8 ఓమ్‌ల బాక్సుకు చేరేది 78 శాతమే. అవే రెండు బాక్సులు సమాంతరంగా కలిపితే మొత్తం 4 ఓమ్‌లు అవుతుంది కాబట్టి చేరేది 63 శాతమే. వెనక కూర్చున్న తల్లిదండ్రులకు మాట సరిగా వినబడకపోవడానికి ఇదొక కారణం. ఇక్కడ వైరు మందం నిజంగా ముఖ్యం.

దీనికి మైకు సెట్టు వాళ్లు వాడే ఉపాయం ఉంది. సభల కోసం చేసిన ఆంప్లిఫయర్లకు వెనకవైపు '100 వోల్ట్ లైన్' అనే చోటు ఉంటుంది. దానికి తగిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న హారన్లను దానికి కలుపుతారు. 100 వాట్ల సామర్థ్యాన్ని 8 ఓమ్‌ల పద్ధతిలో పంపితే కరెంటు సుమారు 3.5 ఆంపియర్లు. 1 ఓమ్ తీగలో నష్టం 12 వాట్లకు పైగా. అదే 100 వోల్టుల పద్ధతిలో పంపితే కరెంటు 1 ఆంపియర్. నష్టం 1 వాట్ మాత్రమే! చెల్పూరులో జరిగేదే మన గ్రౌండ్‌లో చిన్నగా జరుగుతుందన్నమాట.

ఈ పాఠంలో ఇంకో జవాబు కూడా ఉంది. కొందరు గోడ ప్లగ్గుకు పెట్టే ఒక్క మీటరు పవర్ కార్డును కూడా ఎక్కువ ధరకు అమ్ముతారు. విద్యుత్తు చెల్పూరు నుంచి ఎన్నో కిలోమీటర్ల అల్యూమినియం తీగల మీద, ట్రాన్స్‌ఫార్మర్ల గుండా, మన గోడలోని మామూలు వైరులోంచి వస్తుంది. చివరి మీటరులో దాన్ని మార్చగలిగేది ఏముంది?

చెవి సాక్ష్యం నమ్మవచ్చా?

"లెక్కలు సరే, కొత్త కేబుల్ పెట్టగానే తేడా వినబడింది కదా!" అని కొందరు నిజాయితీగానే చెబుతారు. వారు అబద్ధమాడుతున్నారని అనవద్దు. మన చెవి ఒంటరిగా వినదు. కన్ను చూసినది, చెయ్యి ఖర్చు పెట్టినది, మనసు ఆశించినది కలిసి వింటాయి. పైగా శబ్దం కొద్దిగా పెరిగినా, పెరిగిందని తెలియకుండానే బాగుందని అనిపిస్తుంది.

అమెరికాలో 1970ల చివరి వరకు చాలా ఇండ్లల్లో దీపాలకు వాడే మామూలు వైరునే స్పీకర్లకు వాడేవారు. ఆ తర్వాతే స్పీకర్ కేబుల్ ప్రత్యేక వ్యాపారమైంది. 1983లో అక్కడి 'స్టీరియో రివ్యూ' పత్రిక ఒక పరీక్ష చేసింది. మందపాటి బ్రాండ్ కేబుల్, మామూలు 16 గేజ్ వైరు, చాలా సన్నని 24 గేజ్ వైరు తీసుకుంది. ఏ వైరు వాడుతున్నారో చెప్పకుండా వినిపించింది. సన్నని వైరు తేడాను వినేవారు పట్టుకోగలిగారు. పాట వినేటప్పుడు మాత్రం బ్రాండ్ కేబుల్‌కూ మామూలు 16 గేజ్ వైరుకూ తేడా చెప్పలేకపోయారు. 16 గేజ్ అంటే సుమారు 1.3 చదరపు మి.మీ. 24 గేజ్ అంటే సుమారు 0.2 చదరపు మి.మీ. మన సూత్రం చెప్పినదే చెవులూ చెప్పాయి.

2007లో ఇంకో సంగతి జరిగింది. 12 అడుగుల జత 7,250 డాలర్లు పలికే కేబుల్ ఒకటి అమెరికాలో వచ్చింది. అప్పటి లెక్కన మన డబ్బులో దాదాపు మూడు లక్షల రూపాయలు. దాన్ని చూడకుండా విని మామూలు కేబుల్ నుంచి వేరుగా గుర్తిస్తే పది లక్షల డాలర్లు ఇస్తానని ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ సవాలు చేశాడు. చివరికి ఆ పరీక్ష జరగలేదు. జరగని పరీక్షను మనం ఏ పక్షానికీ రుజువుగా తీసుకోకూడదు. రుజువు కావాలంటే మనమే పరీక్ష చేయాలి.

మనం చేయగలిగే పరీక్ష

దీనికి ఇద్దరు మిత్రులు, ఒక రూపాయి బిళ్ల, ఒక దుప్పటి చాలు.

1. ఒకే మందం, ఒకే పొడవు గల రెండు వైర్లు తీసుకోండి. ఒకటి మామూలుది, ఒకటి ఖరీదైనది.
2. ఆంప్లిఫయర్‌ను దుప్పటి చాటున పెట్టండి. ఒక మిత్రుడు లోపల, వినేవారు బయట.
3. లోపలి మిత్రుడు బిళ్ల ఎగరేయాలి. బొమ్మ పడితే మామూలు వైరు, బొరుసు పడితే ఖరీదైన వైరు. ప్రతిసారీ ఆంప్లిఫయర్ ఆపి, వైరు విప్పి బిగించాలి. అదే వైరు మళ్లీ వచ్చినా విప్పి బిగించాలి. లేకపోతే చప్పుడు బట్టి బయటివారు పసిగడతారు.
4. మీట కదపకూడదు. ప్రతిసారీ పాటలోని అదే భాగం వినిపించాలి.
5. ఇలా 10 సార్లు చేసి, వినేవారి జవాబులను రాసుకోవాలి.

ఇప్పుడు 'సంభావ్యత' పాఠం పనికి వస్తుంది. ఏమీ తెలియకుండా ఊహించి చెప్పినా 10కి సగటున 5 సరిపోతాయి. కాబట్టి 6 సరిపోయాయని సంతోషించవద్దు. ఊహతో 8 లేదా అంతకంటే ఎక్కువ సరిపోయే అవకాశం 1,024లో 56. 9 లేదా 10 సరిపోయే అవకాశం 1,024లో 11 మాత్రమే. 9 సరిపోతే మళ్లీ ఇంకో 10 సార్లు చేయండి. అప్పుడూ నిలిస్తే ఆ తేడా నిజమే. నిలిచినదాన్ని ఒప్పుకోవాలి, నిలవనిదాన్ని వదిలేయాలి. సైన్సు అంటే ఇదే.

వైరు మీద శ్రద్ధ ఎక్కడ పెట్టాలి?

వైరు ఏదైనా ఒకటే అని మేము చెప్పడం లేదు. ఈ కింది చోట్ల జాగ్రత్త తప్పనిసరి.

* రాగి పూత వైరు: అల్యూమినియం పోగులకు పైన రాగి పూత పూసి, రాగి వైరులాగే అమ్మేవి మార్కెట్లో ఉన్నాయి. ఖరీదైన కేబుల్ కంటే మనబోటివాళ్లకు ఎక్కువ నష్టం దీనివల్లే. ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది పూర్తి రాగి కాదు. అదే వాడాల్సి వస్తే రాగి వైరు కంటే ఒకటిన్నర రెట్లకు పైగా మందమైనది తీసుకోవాలి.
* ఎరుపు, నలుపు: రెండు స్పీకర్లకూ ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు కలపాలి. ఒకదానికి తారుమారైతే ఒక గిన్నె ముందుకు వస్తుంటే ఇంకోటి వెనక్కి పోతుంది. డప్పు, డోలు దెబ్బలు పలచబడిపోతాయి. పైసా ఖర్చు లేకుండా సరిచేసుకునే లోపం ఇది.
* వదులు బిగింపు: పోగులు బాగా మెలిపెట్టి గట్టిగా బిగించాలి. ఒక పోగు పక్క స్క్రూకు తగిలినా ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు.
* సిగ్నల్ వైరు: ఫోను, టీవీ నుంచి ఆంప్లిఫయర్‌కు వచ్చే వైరులో కరెంటు బహు తక్కువ. ఆంప్లిఫయర్ లోపలి నిరోధం సాధారణంగా 10,000 ఓమ్‌లు, ఆపైన. కాబట్టి అక్కడ మందంతో పనిలేదు. లోపలి తీగ చుట్టూ జాలీలాంటి షీల్డు ఉందా, పిన్ను దగ్గర టంకం గట్టిగా ఉందా అన్నదే చూడాలి. గుయ్యిమనే మోత వస్తే ఆ వైరును కరెంటు వైరుకు దూరంగా జరపండి.
* మైకు వైరు: సభలో పొడవైన మైకు వైరుకు మూడు పిన్నుల రకం వాడాలి. లోపల రెండు తీగలు, చుట్టూ షీల్డు ఉంటాయి. దారిలో చేరే మోత రెండు తీగల్లోనూ సమానంగా చేరి, చివర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది.
* ప్రమాదం: స్పీకర్ వైరును 230 వోల్టుల ఇంటి కరెంటుకు ఎట్టి పరిస్థితిలో వాడరాదు. దానికి ఐఎస్‌ఐ గుర్తు ఉన్న వైరే వాడాలి.

తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగే ప్రశ్నలు

అన్నా, రెండు స్పీకర్ల వైర్లు సమాన పొడవు ఉండాలా?
అవసరం లేదు. తీగలో సంకేతం సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. 5 మీటర్ల తేడాకు పట్టేది సెకనులో నాలుగు కోట్లవ వంతు. మీరు తల ఒక్క సెంటీమీటరు పక్కకు జరిపితే, గాలిలో ధ్వనికి అంతకంటే వెయ్యి రెట్లు ఎక్కువ తేడా వస్తుంది.

ఎక్కువ పౌనఃపున్యాల్లో విద్యుత్తు తీగ పైపొరలోనే పోతుందంటారు. అందుకు ప్రత్యేక తీగ కావాలా?
అది నిజమైన ధర్మమే. కానీ మనిషికి వినిపించే చివరి హద్దు 20,000 హెర్ట్జ్ దగ్గర కూడా రాగిలో ఆ పొర లోతు దాదాపు అర మిల్లీమీటరు. 1 చదరపు మి.మీ. తీగ వ్యాసార్ధమే 0.56 మి.మీ. కాబట్టి తీగలో చాలా భాగం పనిచేస్తూనే ఉంటుంది.

కొత్త వైరు వంద గంటలు వాయిస్తే మెరుగవుతుందా?
రాగి నిరోధం పాటలు వింటే మారదు. వంద గంటల్లో అలవాటు పడేది మన చెవే.

టీవీకి పెట్టే హెచ్‌డీఎంఐ కేబుల్ ఖరీదైతే సౌండ్ మెరుగవుతుందా?
దానిలో పోయేవి అంకెలు, 0 లేదా 1. అవి సరిగా చేరితే సౌండ్ పూర్తిగా వస్తుంది. చేరకపోతే బొమ్మ, సౌండ్ తెగి తెగి వస్తాయి, లేదా అసలే రావు. తెగకుండా వస్తున్న కేబుల్‌ను మార్చి లాభం లేదు.

మిగిలిన డబ్బు దేని మీద పెట్టాలి?
స్పీకర్ల మీద. తర్వాత గది మీద. ఖాళీ గోడల గదిలో చప్పట్లు కొడితే మోగుతుంది కదా, పాట కూడా అలాగే గజిబిజి అవుతుంది. ఒక మందపాటి పరదా, నేల మీద ఒక జంపఖానా, బాక్సులను గోడ మూలకు కాస్త దూరంగా జరపడం, ఇవి తెచ్చే మార్పు ఏ కేబులూ తేలేదు.

దుకాణంలో నోరు విప్పడం

ఈ వ్యాసం రాస్తున్న మేము కూడా మీలాగే సంక్షేమ హాస్టల్ అన్నం తిని చదువుకున్నాం. మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటి తరం మాదే. మా దగ్గరి బంధువు ఒకాయన కూలి డబ్బులు కూడబెట్టి సెట్టు కొన్నప్పుడు దుకాణంలో బంగారు పిన్నుల కేబుల్ చేతిలో పెట్టారు. "దీంతోని తేడా ఏముంటది సార్?" అని ఆయన అడిగాడు. "వినేటోళ్లకు తెలుస్తది" అన్నది జవాబు. ఆ తర్వాత ఆయన ఇంకో ప్రశ్న అడగలేదు. అడిగితే తనకు వినడం రాదని అనుకుంటారేమోనని జంకాడు. నాలుగు రోజుల కూలి ఆ వైరుకు పోయింది.

ఇందులో అమ్ముడుపోయింది రాగి కాదు, ఆ జంకు. మనకు తెలియదేమో, మన చెవులు అంత గొప్పవి కావేమో అనే భయం మనలాంటి ఇండ్లల్లో ఎక్కువ. వైరు దగ్గరే కాదు, కోచింగ్ సెంటర్ దగ్గర, సెల్‌ఫోన్ దగ్గర, మందుల దగ్గర కూడా ఈ భయమే మన జేబు ఖాళీ చేయిస్తుంది. 'వినేటోళ్లకు తెలుస్తది' అన్న మాటకు ఎదురు ప్రశ్న ఉంది. "ఎంత మందం? ఎంత పొడవు? ఓమ్‌లెన్ని? చూడకుండా విని చెబుతారా?" ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి డబ్బు అక్కరలేదు, పెద్ద డిగ్రీ అక్కరలేదు. పదో తరగతి చాలు.

ఇంటి దగ్గర చేయవలసిన లెక్కలు

1. 4 ఓమ్‌ల స్పీకర్ 8 మీటర్ల దూరంలో ఉంది. 1.5 చదరపు మి.మీ. రాగి వైరు సరిపోతుందా?
(జవాబు: తీగ పొడవు 16 మీటర్లు, నిరోధం సుమారు 0.18 ఓమ్. 0.2 ఓమ్‌కు లోపే. సరిపోతుంది.)

2. 8 ఓమ్‌ల స్పీకర్ 12 మీటర్ల దూరంలో ఉంది. కనీసం ఎంత మందం వైరు కావాలి?
(జవాబు: 24 × 0.0172 ÷ 0.4 = సుమారు 1.03 చదరపు మి.మీ. దుకాణంలో 1.5 స్క్వేర్ వైరు అడగండి.)

3. ఒకరు చూడకుండా విని వరుసగా 6 సార్లు సరిగా చెప్పారు. ఊహతో అలా జరిగే అవకాశం ఎంత?
(జవాబు: 64లో 1.)

మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊళ్లో ఎవరైనా సెట్టు కొంటున్నారని తెలిస్తే వారి వెంట దుకాణానికి వెళ్లండి. వైరు మీది అక్షరాలు చదవండి, పోగు గీకి చూడండి, లెక్క వేసి చెప్పండి. మనం చదివిన చదువు మన వాళ్ల కష్టార్జితాన్ని నాలుగు రోజుల కూలి మేరకైనా కాపాడితే, ఆ పాఠం నిజంగా వచ్చినట్టే.